కింద దురదకి మెడికల్ షాపులో ట్యూబ్ అడిగి తెచ్చుకునేవాళ్ళు ఇది చదవండి

అక్కలూ, చెల్లెళ్ళూ, నేను సిగ్గుపడి ఊరుకుంటే ఇంకొకరు ఇదే కొంటారని రాస్తున్నా. మొన్న వేసవిలో కింద దురద, మంట, వాపు, విరిగిన పెరుగులా తెల్లబట్ట. డాక్టర్ దగ్గరికి పోవడానికి మొహమాటపడి మా వీధి చివర షాపులో మెల్లగా చెప్తే, చీటీ ఏదని కూడా అడక్కుండా ఒక ట్యూబ్ కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. రెండ్రోజుల్లో ఎంత హాయి అంటే మా తోడికోడలికి కూడా అదే కొనుక్కోమని చెప్పా, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఆపిన మూడోరోజుకి మళ్ళీ దురద, మళ్ళీ రాయడం, అలా రెండు నెలలు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పల్చబడి యూరిన్ తగిలితే భగ్గుమనేది.

అప్పుడు ఫోన్ టార్చ్ వేసి ట్యూబ్ వెనక చూశా. క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ (ఈ రెండూ క్రిముల మందులు), టెర్బినాఫిన్ (ఫంగస్ మందు), నాలుగూ ఒకే ట్యూబ్‌లో. క్లోబెటసాల్ చాలా స్ట్రాంగ్ స్టెరాయిడ్ అండి, డబ్బా మీద ఎర్రగీత ఉంది, షెడ్యూల్ హెచ్, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. వాపూ ఎరుపూ అణిగిపోతాయి కాబట్టి తగ్గిందనుకుంటాం, లోపల ఫంగస్ మాత్రం ఇంకా పెరగొచ్చు.

ఈలోపు ఇటలీలో చదువుకునే మా చెల్లి బెంజిడమైన్ పౌడర్ ప్యాకెట్లు పంపింది, అక్కడ నీళ్ళలో కలిపి కడుక్కుంటారట. అది స్టెరాయిడ్ కాదు, మంట కొంచెం చల్లబడింది నిజమే, కానీ తెల్లబట్ట అలాగే ఉంది. మన దగ్గర ఆ మందు గొంతు నొప్పికి పుక్కిలించే సీసాల్లో దొరుకుతుంది, దయచేసి అది తెచ్చి కింద వాడకండి.

చివరికి లేడీ డాక్టర్ స్వాబ్ (దూదిపుల్లతో పరీక్షకి నమూనా) తీసి ఫంగస్ అని చెప్పి క్లోట్రిమజోల్ 100 ఎంజీ బిళ్ళలు ఆరు రాత్రులు లోపల పెట్టుకోమన్నారు, షుగర్ టెస్ట్ కూడా రాశారు. చేపవాసన వస్తే బ్యాక్టీరియా కావచ్చు, దానికి మెట్రోనిడజోల్ లాంటివి ఇస్తారట. పీరియడ్స్ ఆగిపోయాక వచ్చే పొడిబారిన మంట వేరు, దానికి ఈస్ట్రోజన్ క్రీమ్. క్లోబెటసాల్‌ని కూడా లైకెన్ స్క్లెరోసస్ లాంటి చర్మజబ్బుకి డాక్టర్లే రాస్తారు, అది వాళ్ళు చూసి రాసేది, కౌంటర్ మీద అడిగి తెచ్చుకునేది కాదు.

మీ ఇంట్లో ట్యూబ్ ఉంటే ఇప్పుడే తీసి వెనక చదవండి, బెటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉన్నా స్టెరాయిడే. నెలల తరబడి వాడుతుంటే మీరే టక్కున ఆపేయకండి, ఆపగానే మంట ఎక్కువవచ్చు, ఆ ట్యూబే పట్టుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి. మా తోడికోడల్ని నేనే తీసుకెళ్ళా.