1,800 డాలర్లు ఎక్కడ పెడితే మేలు? ఉమ్మడి చందా, అప్పుల నిధి, శాశ్వత నిధి

అమెరికాలో యూదు కుటుంబాలు చందా రాస్తే 18, 36, 180, 1,800 అని రాస్తాయి. హీబ్రూలో ‘ఖాయ్’ అంటే జీవం. ఆ మాటలో ఉన్న రెండక్షరాల సంఖ్యా విలువ కలిపితే 18. మన నూటపదహార్ల లాంటిదే. కాబట్టి లెక్కకు 1,800 డాలర్లే తీసుకుందాం. ఏడాదికి అంత ఇవ్వగల మధ్యతరగతి కుటుంబం ఆ డబ్బును ఎక్కడ పెడితే తమ ఊరి యూదు సమాజానికి ఎక్కువ అక్కరకొస్తుంది?

ముందు సంప్రదాయం ఏమంటుందో చూడాలి, ఎందుకంటే నేటి ఏర్పాట్లన్నీ దాని మీద నిలిచినవే. దానానికి వాళ్ల మాట ‘త్సెదకా’. దాని మూలం కరుణ కాదు, న్యాయం. సంపాదనలో పదో వంతు ఇవ్వడం ఆనవాయితీ, ఐదో వంతు దాటకూడదన్నది కట్టడి. ఇచ్చినవాడే రేపు చెయ్యి చాచే స్థితి రాకూడదు కదా. ఊరి బీదలే ముందు అన్నది మరో సూత్రం. ఎవరు ఊరివాళ్లు అన్నదానికీ యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం తల్మూద్‌లో లెక్క ఉంది. ఊళ్లో 30 రోజులు ఉన్నవాడు రోజువారీ అన్నదానానికి, 3 నెలలు ఉన్నవాడు వారపు నిధికి, 6 నెలలైతే బట్టల ఖర్చుకు, 9 నెలలైతే ఖననం ఖర్చుకు, 12 నెలలైతే ఊరి గోడ మరమ్మతుకు వాటా ఇవ్వాలి. వారపు నిధి పేరు ‘కుప్పా’. మన కుప్పలా వినిపించినా అర్థం పెట్టె. దాన్ని వసూలు చేయడానికి ఇద్దరు, పంచడానికి ముగ్గురు ఉండాలి. ఎవరికి ఎంత అని తేల్చడం తీర్పు చెప్పడం లాంటిదని.

ఆ కుప్పాకు నేటి రూపమే ఫెడరేషన్. 1895లో బోస్టన్‌లో మొదలైంది. అనాథాశ్రమం ఒకసారి, ఆసుపత్రి ఒకసారి ఇంటింటికీ తిరగడం మాని, ఏడాదికి ఒకే చందా వసూలు చేసి కమిటీ ద్వారా పంచడం దాని పద్ధతి. యూదు బడిలో ఫీజు రాయితీ, ముసలివాళ్ల ఇంటికి భోజనం, కుటుంబ సేవా సంస్థలో కౌన్సెలింగ్, కాలేజీ పిల్లల హిల్లెల్ కేంద్రం, కమ్యూనిటీ సెంటర్, ఇవన్నీ అందులోంచే. కొంత భాగం ఇజ్రాయెల్‌కూ, ఇతర దేశాల యూదులకూ వెళుతుంది. ఊరి కోసమే ఇస్తున్నామనుకునేవాళ్లు ఆ వాటా ఎంతో ముందే అడగాలి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఒకచోట. ‘నా 1,800 బడికే’ అని చెక్కు మీద రాస్తారు. కమిటీ అప్పటికే బడికి 50,000 అనుకుని ఉంటే, మీ 1,800ను అందులోనే కలిపి ఉమ్మడి సొమ్ములోంచి 48,200 మాత్రమే ఇవ్వవచ్చు. బడికి చేరేది పైసా పెరగదు. ‘ఇది అనుకున్నదానికి అదనం’ అని కాగితం మీద రాయించుకుంటేనే ఆ షరతుకు అర్థం. లేకపోతే షరతు లేకుండా ఇవ్వడమే నయం: బాయిలర్ పాడైన నెలలో బాయిలర్‌కూ, బీదవాళ్లకు పస్కా పండుగ సరుకులు ఇచ్చే నెలలో సరుకులకూ పనికొచ్చేది ఆ డబ్బే. మరో బలహీనత మాట ఇచ్చి కట్టనివాళ్లు. అందుకే ఏడాది చివర ఒకేసారి కాకుండా నెలకు 150 చొప్పున కార్డు మీద కట్టేవాళ్లంటే కోశాధికారికి ప్రాణం.

తొందరలో మాత్రం ఫెడరేషన్ కన్నా రబ్బీ, అంటే యూదు మతగురువు, చేతి నిధే మేలు. ఇవాళ అద్దె కట్టకపోతే రేపు ఇల్లు ఖాళీ చేయాల్సిన మనిషికి కమిటీ సమావేశం దాకా ఆగే వీలుండదు. రబ్బీకి చెబితే మూడో మనిషికి తెలియకుండా పని జరుగుతుంది. ఆ గోప్యతే దానికి ముప్పు కూడా. చెక్కు రబ్బీ పేరున కాకుండా సినగాగ్ (యూదు ప్రార్థనా మందిరం) నిధి పేరున రాయాలి, ఖాతాకు రెండో సంతకం ఉండాలి, ఏడాదికోసారి పేర్లు చూడకుండా మొత్తాలు సరిచూసే మనిషి ఉండాలి. ‘ఫలానా కుటుంబానికి ఇవ్వండి’ అని రాస్తే పన్ను మినహాయింపు పోతుంది.

ఇక వడ్డీ లేని అప్పు. యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమొనిడీస్ 12వ శతాబ్దంలో దానాన్ని ఎనిమిది మెట్లుగా విడదీసి, అప్పుగానో పనిగానో భాగస్వామ్యంగానో ఇచ్చి మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టడాన్ని అన్నిటికన్నా పై మెట్టు మీద ఉంచాడు. యూదుడు యూదుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదన్నది వాళ్ల పవిత్ర గ్రంథం తోరా ఆజ్ఞ. ఆ రెండిటి నుంచి పుట్టినవే హీబ్రూ ఫ్రీ లోన్ సంఘాలు. న్యూయార్క్‌లో 1892లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1897లో మొదలయ్యాయి. న్యూయార్క్ సంఘం ఏ మతంవాళ్లకైనా ఇస్తుంది.

లెక్క చూడండి. 1,800 అప్పు, నెలకు 50, 36 వాయిదాలు. మూడేళ్లకు మొత్తం తిరిగొచ్చి మరొకరికి వెళుతుంది. పదిహేనేళ్లలో అదే డబ్బు ఐదుగురికి, అంటే 9,000 డాలర్ల పని. ఇంకే దారిలోనూ ఈ డబ్బుకు ఇంత నడక ఉండదు. కానీ వడ్డీ లేదు కాబట్టి ఏటా 3 శాతం ధరలు పెరిగితే పదిహేనేళ్ల తర్వాత ఆ 1,800కు ఇవాళ్టి 1,155 డాలర్ల సరుకే వస్తుంది. ఆఫీసు జీతాలకూ వడ్డీ రాబడి ఉండదు, దానికి వేరే చందా కావాలి. అప్పు ఎగ్గొట్టేవాళ్లు తక్కువగా ఉండడానికి కారణం హామీదారులు. ఆ హామీయే కొత్తగా ఊరికి వచ్చి ఎవరూ తెలియని మనిషిని గుమ్మం బయట నిలబెడుతుంది. అసలు రాబడే లేనివాడికి అప్పు ఇవ్వడం మేలు కాదు, మెడకు మరో రాయి. వాడికి ఇవ్వాల్సింది దానమే.

శాశ్వత నిధి పేరు వినసొంపుగా ఉంటుంది: అసలు కదలదు, రాబడే ఖర్చు. ఏటా 4 నుంచి 5 శాతం తీయడం మామూలు. 4.5 శాతం లెక్కన మీ 1,800కు వచ్చేది ఏడాదికి 81 డాలర్లు. మీ తదనంతరం కూడా ఏటా 1,800 అందాలంటే 40,000 పెట్టాలి. అందుకే ఇది వీలునామాలో రాసే పని, నెల జీతంలోంచి చేసే పని కాదు. మసాచుసెట్స్‌లోని సేలంలో యూదు పిల్లలను ఇజ్రాయెల్ యాత్రలకు పంపే ల్యాపిన్ ఫౌండేషన్ తన సొమ్మును పెట్టుబడుల పేరుతో మోసం చేసిన మేడాఫ్ దగ్గర పెట్టి, 2008 డిసెంబరులో తలుపులు మూసింది. పెద్ద నిధికి ఇచ్చే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న రాబడి ఎంత అని కాదు, సొమ్ము ఎంతమంది దగ్గర విడివిడిగా ఉంది అని.

భవనానికి డబ్బిచ్చి పేరు పెట్టించుకుంటే తర్వాత ఏమవుతుందో చెప్పడానికి కోల్‌కతా ఉదాహరణ చాలు. 1884 నాటి మాఘెన్ డేవిడ్ సినగాగ్ గంభీరంగా నిలబడే ఉంది. ఊళ్లో యూదులే పాతిక మంది కూడా లేరు, కాపలా చూసేది ముస్లిం కుటుంబాలు. 1881లో మొదలైన యూదు బాలికల బడిలో నేడు ఎక్కువమంది ముస్లిం పిల్లలే. బడి మారి బతికింది, ఆ మార్పు మంచిదే. ‘అవసరం తీరితే దగ్గరి ప్రయోజనానికి వాడవచ్చు’ అన్న వాక్యం దానపత్రంలో లేకపోతే, ప్రయోజనం మార్చడానికి కోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు.

పన్ను సంగతి క్లుప్తంగా. 2026 నుంచి అమెరికాలో పన్ను లెక్కలో మినహాయింపు ఖర్చులను విడివిడిగా జాబితా వేయనివాళ్లకు కూడా నగదు చందా మీద ఒంటరివాళ్లకు 1,000, ఉమ్మడిగా దాఖలు చేసే దంపతులకు 2,000 వరకు మినహాయింపు ఉంది. దాత చెప్పినప్పుడు పంచే నిధుల్లో, అంటే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో వేస్తే అది వర్తించదు. పైగా అక్కడ వేసిన సొమ్ము ఫలానా గడువులోగా పంచి తీరాలన్న చట్టం లేదు. మినహాయింపు ఈ ఏడాదే వస్తుంది, ఊరికి డబ్బు ఎప్పటికో. 250 డాలర్లు లేదా అంతకు మించిన చందాకు సంస్థ రాసిచ్చిన రసీదు తప్పనిసరి.

కాబట్టి 1,800కు నా పంపకం: 1,000 షరతు లేని ఉమ్మడి చందాకు, 600 అప్పుల నిధికి, 200 రబ్బీ చేతి నిధికి. శాశ్వత నిధికి సున్నా, వీలునామాలో మాత్రం ఒక వాక్యం. భవనానికి కూడా సున్నా, పైకప్పు కారుతుంటే తప్ప.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు, చిన్న సినగాగ్ ఉంది. అలాంటిచోటికి ఈ పంపకం పనికిరాదు, అక్కడ పంచే ఫెడరేషనే లేదు. విదేశం నుంచి ఇవ్వాలనుకుంటే తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే చేరాలి. తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. అమెరికాలో మినహాయింపు కావాలంటే అక్కడి నమోదిత సంస్థకే ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ నంబరు, దాని గడువు తేదీ చందా పంపకముందే అడిగి రాసుకోండి.