దూరవిద్య బీఏలో ప్రపంచ చరిత్ర పేపరు: కట్టిన ఫీజుకి తగ్గ సరుకేనా?

పిఠాపురంలో మాకు చీరల కొట్టుంది. ఎక్కువగా ఉప్పాడ జాందానీలే అమ్ముతాం. పెళ్లితో ఇంటర్ దగ్గర ఆగిపోయిన చదువుని పిల్లలు పెద్దయ్యాక దూరవిద్య బీఏలో మళ్లీ పట్టుకున్నాను. హిస్టరీలో ప్రపంచ చరిత్ర పేపరు మొన్ననే అయిపోయింది. ఆ పేపరు కష్టమా, సొంతంగా చదివితే వస్తుందా అని కొట్టుకొచ్చే ఆడవాళ్లు కూడా అడుగుతున్నారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఏ యూనివర్సిటీయో మాత్రం చెప్పను. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు కదండీ.

ముందే చెప్పేస్తున్నాను, తీసుకోవచ్చు. కాకపోతే వాళ్లిచ్చే పుస్తకం ఒక్కటే నమ్ముకుంటే పరీక్ష గట్టెక్కుతారు గానీ ప్రపంచం మాత్రం సగమే కనిపిస్తుంది.

పుస్తకం ఇటలీ నగరాల్లో సాంస్కృతిక పునరుజ్జీవనంతో మొదలవుతుంది. 1492లో కొలంబస్, 1498లో కాలికట్ చేరిన వాస్కోడిగామా, 1517లో చర్చిని ఎదిరించిన లూథర్, 1688 ఇంగ్లండు విప్లవం, 1776 అమెరికా స్వాతంత్ర్యం, 1789 ఫ్రెంచి విప్లవం... అక్కణ్నుంచి పారిశ్రామిక విప్లవం, ఇటలీ, జర్మనీల ఏకీకరణ, రెండు ప్రపంచ యుద్ధాలు, మధ్యలో 1917 రష్యా, చివర ఐక్యరాజ్య సమితి, ప్రచ్ఛన్న యుద్ధం. అట్ట మీద ప్రపంచం అనే ఉంటుంది, లోపల తిరిగేదంతా యూరప్‌లోనే. చైనాకి నల్లమందు యుద్ధాల దగ్గర కొంచెం చోటిచ్చారు. ఆఫ్రికా అయితే 1884-85 బెర్లిన్ సమావేశంలో యూరప్ వాళ్లు పంచుకోవడానికి బల్ల మీద పెట్టాక గానీ పుస్తకంలోకి రాదు. అంతకుముందు అక్కడ మనుషులు, రాజ్యాలు లేనట్టే.

అలాగని పుస్తకాన్ని తీసి పారేయలేను. పారిశ్రామిక విప్లవం యూనిట్ ఎవరు రాశారో గానీ చేతులెత్తి మొక్కాలి. మామూలుగా గైడ్లలో ఒక పట్టిక ఉంటుంది, ఎవరు ఏం కనిపెట్టారు, ఏ సంవత్సరం అని. బట్టీ పట్టి, రాసి, మర్చిపోతాం. ఇందులో ఒకదాని వెనక ఇంకొకటి ఎందుకొచ్చిందో చెప్పారు. 1733లో జాన్ కే, తాడు లాగితే ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తే నాడె, అదే మగ్గంలో అడ్డదారం మోసేది, తయారుచేశాడు. నేత వేగం పెరిగింది. దానికి సరిపడా నూలు వడికేవాళ్లు అందించలేకపోయారు. మగ్గం ఖాళీగా ఉంటే ఇంట్లో పరిస్థితేంటో మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ నూలు కొరత తీర్చడానికే 1764లో హార్‌గ్రీవ్స్ జెన్నీ అనే వడుకు యంత్రం, 1769లో ఆర్క్‌రైట్ నీటితో తిరిగే వడుకు యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ అనే ఇంకో వడుకు యంత్రం వచ్చాయి. ఈసారి నూలు గుట్టలు పడింది, నేసే చేతులు చాల్లేదు. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం అందుకే పుట్టింది. అదీ పుట్టగానే లోకాన్ని ఏలెయ్యలేదు. సరిగ్గా పనిచెయ్యడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈ యూనిట్ నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని చదివాను. చీరలు తెచ్చిన నేత ఆయనకి జాన్ కే నాడె బొమ్మ ఉన్న పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని చూసి, "ఇది సాదా బట్టకి బావుంటుందమ్మా, మా పనికెందుకు?" అన్నాడు. నిజమే. జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, బుటా దారాన్ని ఎక్కడికక్కడ చేత్తోనే పడుగులోకి దూర్చాలి. నాడె ఎంత వేగంగా పరిగెత్తినా ఆ బుటా దగ్గర ఆగాల్సిందే. యంత్రం అన్ని రకాల నేతనీ ఒకేలా దెబ్బకొట్టలేదన్న ముక్క పుస్తకంలో లేదు. ఉంటే బావుండేది.

దాని తర్వాత వచ్చే అరపేజీ ఇంకా విలువైంది. యంత్రాల కంటే ముందే ఇంగ్లండు చట్టంతో తలుపు వేసుకుంది. మన మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605 నుంచి, ఇంగ్లీషువాళ్లు 1611 నుంచి కొట్లు పెట్టి బట్టలు కొనుక్కుపోయారు. మన అద్దకం బట్టలకి అక్కడ ఎంత మోజు పెరిగిందంటే వాళ్ల ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవలకి దిగారు. దాంతో 1700లో చేసిన చట్టం ఆసియా నుంచి అద్దకం బట్టల దిగుమతిని నిషేధించింది, 1721 చట్టం చాలా రకాల అద్దకం నూలుబట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. స్వేచ్ఛా వాణిజ్యం పాఠాలు మనకి చెప్పింది ఆ తర్వాతే. పరీక్షలో ఈ ప్రశ్న రాదని సీనియర్లు అన్నారు. రాకపోయినా చదవండి.

ఇక కడుపు మండిన చోటు. ఆ మిల్లులన్నిటికీ పత్తి ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక వాక్యంలో తేల్చేశారు. చాలావరకు అమెరికా దక్షిణాది బానిసలు పండించిన పత్తి అది. బానిసత్వం గురించి అంతకుమించి లేదు. ఫ్రెంచి విప్లవానికి మాత్రం బోలెడు పేజీలు, రాణిగారి ఖర్చులతో సహా. అదే ఫ్రాన్సు కింద, కరీబియన్ సముద్రంలో ఉన్న హైతీలో 1791లో బానిసలు తిరగబడ్డారు. 1794లో పారిస్ సభ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ దాన్ని మళ్లీ తెచ్చాడు. ఆ బానిసల నాయకుడు టుసాంట్ లువెర్చర్‌ని పట్టుకెళ్లి ఫ్రాన్సు కొండల్లో జైల్లో పెడితే 1803లో అక్కడే చనిపోయాడు. అయినా 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. అక్కడితో వదిలారా? 1825లో ఫ్రాన్సు యుద్ధ నౌకలు పంపి, మా ఆస్తి పోయింది కాబట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత 9 కోట్లకి తగ్గించినా, ఆ అప్పుల కింద హైతీ తరాల తరబడి నలిగింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం గురించి పది మార్కుల వ్యాసం రాయమనే పుస్తకంలో దీనికి ఒక్క పేరా దొరకలేదా?

ఇదంతా నాకు తెలిసింది ఆదివారం క్లాసుల్లో. నిజానికి ఈ ప్యాకేజీలో అసలు సరుకు ఆ క్లాసులే. వచ్చే జనం తక్కువ. ఫ్యాన్లు తిరిగితే తిరిగినట్టు. చెప్పే మాస్టారు మాత్రం దొరకాలి గానీ దొరికితే అదృష్టమే. ఏడేళ్ల యుద్ధం, ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ 1756 నుంచి 63 దాకా ఖండాల మీద కొట్టుకున్నది, పుస్తకంలో యూరప్, అమెరికా అయ్యాక మన దేశం వంతుకి ప్లాసీ, వందవాసి అని రెండు పేర్లు పడేసి ఊరుకున్నారు. మాస్టారు ఆ రెంటికీ మధ్యలో ఆగి, "గొల్లప్రోలు వైపు నుంచి వచ్చేవాళ్లెవరు?" అని అడిగారు. ఇద్దరు చేతులెత్తారు. "మీ చందుర్తిలో జరిగింది ఈ యుద్ధమే" అన్నారు. 1758 డిసెంబరులో క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు సేనతో కలిసి, అక్కడ ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచివాళ్ల పెత్తనం అక్కడితో సరి. యానాం ఒక్కటీ చేతులు మారుతూ, నెపోలియన్ యుద్ధాల చివర 1814 పారిస్ ఒప్పందంతో మళ్లీ వాళ్లకే దక్కి, 1954 దాకా వాళ్ల కిందే ఉంది. చందుర్తి మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో! ఆ పొలాలకి కెనడాలో, జర్మనీలో జరిగిన పోరుతో చుట్టరికం ఉందని ఒక్క పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

ముద్రణ సంగతి అడక్కండి. వియన్నా సమావేశం 1815 బదులు ఒకచోట 1851 అని పడింది. బట్టీ పట్టేవాళ్లు జాగ్రత్త. 1914 నాటి కూటముల మ్యాపు అచ్చంగా నలుపు తెలుపు. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ ఒక బూడిద రంగు, ఫ్రాన్సు, రష్యా ఇంకో బూడిద రంగట. నాకైతే అందరూ ఒకే పక్షాన ఉన్నట్టు కనిపించారు. మా అబ్బాయి స్కూలు అట్లాస్ పక్కన పెట్టుకుని చదివాను. వీడియో పాఠాలు పుస్తకాన్ని పైకి చదవడమే. చీరలు మడతపెట్టుకుంటూ వినడానికి పనికొస్తాయి, అంతే.

అసైన్‌మెంటు నేను మనసుపెట్టి రాశాను. మిల్లు బట్ట వచ్చాక మా వైపు నేత ఏమైందో, పెద్దవాళ్లని అడిగి రెండు పేజీలు కలిపాను. తిరిగొచ్చింది పేజీకో ఎర్ర టిక్కుతో, చివర మార్కులతో. ఒక్క మాట లేదు. మార్కులు బానే వేశారు. అయినా చదివారో లేదో తెలియకపోతే రాసినవాళ్లకి ఉసూరుమంటుందండీ.

పరీక్షకి భయపడక్కర్లేదు. ఫ్రెంచి విప్లవ కారణాలు, బిస్మార్క్, నానాజాతి సమితి వైఫల్యం, ఈ మూడూ పాత ప్రశ్నపత్రాల్లో తిరుగుతూనే ఉన్నాయి. వర్సయిల్స్ సంధి షరతులు, 1929 ఆర్థిక మాంద్యం, హిట్లర్ రాక, ఈ మూడింటినీ ఒక గొలుసుగా చదివితే ఏది అడిగినా రాయొచ్చు. మా పక్క కొట్టు కుర్రాడు సివిల్స్‌కి చదువుతున్నాడు. మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో పద్దెనిమిదో శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంది కాబట్టి నా పుస్తకాలే పట్టుకుపోయాడు, ఇంకా తిరిగివ్వలేదు.

పుస్తకం వదిలేసిన చోట్లకి నేను వాడినవి రెండు. తెలుగు అకాడమీ పాత డిగ్రీ పుస్తకాలు లైబ్రరీలో దొరుకుతాయి, భాష హాయిగా ఉంటుంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగితే ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వాళ్ల ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో హిస్టరీ పాఠాలు ఉచితంగా దించుకోవచ్చు. నాకు ఒక్కో పేజీకి చాలాసేపు పట్టింది గానీ ప్రాచీన ప్రపంచం మీద పాఠాలు చదివాక మా పుస్తకం ఎంత ఇరుకో అర్థమైంది.

మార్కులేయమంటే క్లాసులకి ఐదుకి ఐదు, పుస్తకానికి మూడు, అందులో రెండు ఆ పారిశ్రామిక విప్లవం యూనిట్‌వే. మ్యాపులకి సున్నా. చేరేముందు మీ స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసు నిజంగా జరుగుతుందో లేదో ఒకసారి వెళ్లి చూసుకోండి. జరక్కపోతే వేరే సెంటర్ పెట్టుకోండి, బస్సు చార్జీ ఎక్కువైనా సరే.