సర్వర్ ఎక్కడ పెడితే మేలు: ఆఫీసు గదిలోనా, ఒక్క క్లౌడ్ మెషీన్‌లోనా, రెండు జోన్లలోనా?

బిల్లింగ్, స్టాకు, క్లినిక్ అపాయింట్‌మెంట్లు నడిపే సర్వర్ ఎక్కడ ఉంచాలన్నది విశాఖలో చిన్న కంపెనీల వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్నే.

ఆఫీసు గది సంగతి త్వరగా తేల్చేద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడే తీరం దాటాక కరెంటు, నెట్ రోజుల తరబడి రాలేదు. యూపీఎస్ ఆదుకునేది కాసేపే. వ్యాపారం ఆధారపడిన డేటాకు ఆ గది పనికిరాదు.

క్లౌడ్‌లో ఒక్క వర్చువల్ సర్వర్, అంటే నెట్ ద్వారా అద్దెకు తీసుకునే మెషీన్‌లో వాటా, చవక, సులువు. అలాగని అది ఆగదనుకోవద్దు. అదీ ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఒక మెషీన్ మీద నడిచేదే. అమెజాన్ అద్దెకిచ్చే ఇలాంటి సర్వర్ పేరు ఈసీ2. అది ఒక్కటే పెట్టుకుంటే, నెలలో 99.5 శాతం సమయం నడుస్తుందన్నదే అమెజాన్ హామీ. అంటే 30 రోజుల నెలలో 3 గంటల 36 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. తప్పినా దక్కేది బిల్లులో తగ్గింపే, పోయిన అమ్మకాలు మాత్రం తిరిగి రావు.

జోన్ అంటే ఒకే ప్రాంతంలో విడిగా ఉండే డేటా సెంటర్ల గుంపు. రెండు జోన్లలో రెండు సర్వర్లు పెడితే హామీ 99.99 శాతం, అంటే ఆగేది నెలకు 5 నిమిషాల లోపే. ఖర్చు రెట్టింపు దాటుతుంది. అంతా చేసి డేటాబేస్‌ను ఒకే జోన్‌లో వదిలేసేవాళ్లు ఉన్నారు. ఆ జోన్ పడితే రెండో సర్వర్ లేచి ఉన్నా చదవడానికి డేటా ఉండదు. ఈసీ2కు తగిలించే ఈబీఎస్ డిస్కును పక్క జోన్ సర్వర్‌కు తగిలించడమూ కుదరదు.

జోన్లు కాపాడలేని రోజులూ ఉంటాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో (కొన్ని జోన్లు కలిసిన ప్రాంతం) డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు డీఎన్ఎస్, అంటే పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ, లోపంతో మొదలైన ఇబ్బంది చాలా గంటలు సాగింది. అప్పటికే నడుస్తున్న సర్వర్లు చాలావరకు నడిచాయి గానీ కొత్తవి లేవడమే కష్టమైంది. ‘పడితే అక్కడే ఇంకోటి లేపుదాం’ అనుకున్నవాళ్లు ఆగిపోయారు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరికి ఏమీ మిగల్లేదు.

నా మాట ఇది. రాత్రీపగలూ నడవాల్సిన ఆసుపత్రికి రెండు జోన్లు, రెండింట్లోనూ డేటాబేస్ కాపీ తప్పనిసరి. కొన్ని గంటలు తట్టుకోగల దుకాణానికి ముంబైలో ఒక్క సర్వర్ చాలు. కానీ రోజూ బ్యాకప్ హైదరాబాద్ రీజియన్‌కు వెళ్లాలి, అదీ వేరే అకౌంట్‌లోకి. ఒక్క పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కితే రెండూ పోకూడదు కదా!

ఒక్కసారైనా ఆ బ్యాకప్‌తో హైదరాబాద్‌లో కొత్త సర్వర్ లేపి, నిన్నటి బిల్లు ఒకటి తెరిచి చూడండి. స్నాప్‌షాట్ (డిస్కుకు తీసిన బ్యాకప్ కాపీ) నుంచి తీసిన డిస్కు మొదట్లో నెమ్మదిగా చదువుతుంది, కంగారు పడొద్దు. డీఎన్ఎస్ టీటీఎల్, అంటే పాత చిరునామాను గుర్తుంచుకునే గడువు, ముందే 300 సెకన్లకు తగ్గించి ఉంచుకోండి; అప్పుడు కొత్త సర్వర్‌కు త్వరగా మారొచ్చు. ఆఫీసులో ఫైబర్ తెగినా పని సాగేలా మొబైల్ డేటా మీద కూడా లాగిన్ అయి చూడండి. మనకు పెద్ద తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి ఈ కసరత్తు సెప్టెంబరులోనే ముగించండి.