కొత్త భోజన హోటల్‌కు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: అది చూపే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు మా కుటుంబం అరవై సీట్ల ఆంధ్ర భోజన హోటల్ తెరిచినప్పుడు, బిల్లింగ్‌తో పాటు లెక్కల నివేదికలు కూడా ఇస్తామన్న ఒక సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా కట్టాము. మధ్యాహ్నం టోకెన్ మీద ఫుల్ మీల్స్, రాత్రి బిర్యానీ, కూరలు, పార్సిళ్లు, వీటికి తోడు డెలివరీ యాప్‌ల ఆర్డర్లు మా వ్యాపారం. సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ రాయడం లేదు. కింద చెప్పిన లోపాలు ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనేముందైనా పరీక్షించి చూసుకోదగినవి. బిల్లు కొట్టడంలో దీనికి వంక పెట్టలేము. అయితే హోటల్ నిలబడుతుందా లేదా అని తేల్చే అంకెల విషయంలో మాత్రం ఇది సగం పని చేసి, మిగతా సగం పూర్తయినట్టే చూపిస్తుంది.

ఇందులో అన్నిటికంటే ఉపయోగపడినది హోటల్ తెరవకముందు నింపే అంచనా పట్టిక. నెలకు అద్దె 1,50,000, జీతాలు 3,60,000, కరెంటు, నీరు, ఇంటర్నెట్, మరమ్మతుల వంటివి 90,000, అంతా కలిపి అమ్మకం ఉన్నా లేకున్నా తప్పని ఖర్చు 6 లక్షలు అనుకుందాము. అమ్మిన ప్రతి వంద రూపాయలలో సరుకులకు 36, గ్యాసుకూ ప్యాకింగ్‌కూ 6, డెలివరీ కమిషన్‌కు సగటున 8 పోతే 50 మిగులుతుంది కనుక, లాభనష్టాలు లేకుండా గట్టెక్కాలంటే నెలకు 12 లక్షలు అమ్మాలి. పట్టిక దీన్ని 30తో భాగించి రోజుకు 40,000 అని చూపుతుంది. తలసరి బిల్లు 200 అయితే రోజుకు 200 భోజనాలు. అందులో మూడో వంతు డెలివరీకి పోయినా మిగతా వాటికి అరవై సీట్లూ రోజుకు రెండుసార్లకు పైగా నిండాలి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టక ముందే ఈ మాట తెలియడం చిన్న మేలు కాదు. అయితే వారానికి ఒక రోజు మూసే హోటల్‌కు నెలలో 26 రోజులే చేతిలో ఉంటాయి. అప్పుడు రోజుకు అమ్మవలసినది 46,000 దాటుతుంది, 200 భోజనాలు 231 అవుతాయి. సెలవు రోజులు అడిగే గడి పట్టికలో లేదు.

పట్టిక అడగని మరో రెండు అంకెలను మనమే చేర్చుకోవాలి. మొదటిది గల్లా మీద కూర్చునే యజమాని జీతం. మన దగ్గర కుటుంబ హోటళ్లలో దీన్ని ఎవరూ ఖర్చుగా రాయరు. ఇంట్లో ఇద్దరు మనుషులు రోజంతా అక్కడే ఉన్నా, వారి కష్టానికి విలువ కట్టకుండా మిగిలినదంతా లాభమనే అనుకుంటారు. రెండవది తరుగుదల. పొయ్యిలు, డీప్ ఫ్రిజ్, పొగగొట్టం, టేబుళ్లకు 15 లక్షలు పెట్టి అవి ఐదేళ్లు వస్తాయనుకుంటే నెలకు 25,000 అక్కడే ఖర్చవుతున్నట్టు లెక్క. నెలకు 15 లక్షల అమ్మకం మీద పట్టిక చూపే లక్షన్నర లాభంలో ఈ రెండూ తీసివేస్తే ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూసుకోవడం మంచిది.

సరుకు ఖర్చు శాతం దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రతి వంటకానికీ ఏ సరుకు ఎంత పడుతుందో ఒకసారి రాసిపెడితే, అమ్మిన ప్లేట్ల సంఖ్యను బట్టి ఎంత ఖర్చు కావాలో అది లెక్కగడుతుంది. ఇది కావలసిన ఖర్చు మాత్రమే. నిజంగా అయిన ఖర్చు తెలియాలంటే ప్రారంభ నిల్వకు కొనుగోళ్లు కలిపి ముగింపు నిల్వ తీసివేయాలి, ఆ ముగింపు నిల్వను ఎవరో ఒకరు స్టోరు గదిలో నిలబడి తూకం వేసి ఎక్కించాలి. ఎక్కించని వారం సాఫ్ట్‌వేర్ ఊరుకోకుండా కావలసిన ఖర్చునే అయిన ఖర్చుగా చూపిస్తుంది. తెర మీద 34 శాతం అని ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది, మనకు నిద్ర పడుతుంది. ఈ రెండింటి మధ్య తేడాలోనే గరిటెతో ఎక్కువగా వడ్డించినది, పాడైన పెరుగు, బిల్లు లేకుండా వెళ్లిన పార్సిల్ అన్నీ దాగి ఉంటాయి కనుక, తేడాను కప్పిపుచ్చే నివేదికను నివేదిక అనలేము.

కొలతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బియ్యం పేరు ఎంచుకోగానే బస్తా 25 కిలోలు అని దానంతట అదే వస్తుంది. 2022 జూలై 18 నుంచి లేబుల్‌తో ప్యాక్ చేసిన 25 కిలోల వరకు బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడటంతో మన మార్కెట్లలోకి 26 కిలోల బస్తాలు వచ్చాయి. మేము కొనేవి అవే. అంకె మార్చకపోతే ప్రతి బస్తాకూ ఒక కిలో లెక్కకు అందకుండా పోతుంది. గోంగూర, కొత్తిమీర కట్టల లెక్కన కొంటాము, కాని ఇందులో కట్ట అనే కొలతే లేదు. ఆకు కోశాక తూచి, కాడల బరువు పోగా మిగిలినదాన్ని కిలోలలో ఎక్కించవలసి వచ్చింది. ఉల్లిపాయ పొట్టుకూ, మాంసంలో పోయే తరుగుకూ శాతం రాసే గడి ఉండటం మాత్రం మెచ్చుకోదగినది. పనివారి టిఫిన్, రెండు పూటల భోజనం కూడా అదే వంటశాల నుంచి వెళుతుంది. దాన్ని విడిగా రాసి జీతాల ఖర్చులో కలపకపోతే సరుకు ఖర్చు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి, వంట మాస్టర్‌ను అకారణంగా నిలదీయవలసి వస్తుంది.

శాతం లెక్కగట్టడంలో ఇంకో పొరపాటు ఉంది. మొదటి తెర మీద కనిపించే అమ్మకంలో జీఎస్టీ కలిసే ఉంటుంది. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం పన్ను కట్టే మాలాంటి హోటల్‌కు 15 లక్షల అమ్మకం తెర మీద 15 లక్షల 75 వేలుగా కనిపిస్తుంది. సరుకుకు 5,40,000 అయితే నిజమైన శాతం 36, సాఫ్ట్‌వేర్ చూపేది 34.3. పన్ను మన డబ్బు కాదు, ప్రభుత్వానికి కట్టవలసినది. సెట్టింగులలో వెతికితే దీన్ని మార్చుకునే వీలుంది కాని, కొత్తవారికి ఆ సంగతి ఎవరు చెబుతారు? సరుకు, జీతాలు కలిపి అమ్మకంలో అరవై, మహా అయితే అరవై అయిదు శాతం దాటకూడదని ఈ వ్యాపారంలో ఉన్నవారు అంటారు. పై లెక్కలో 15 లక్షల అమ్మకానికి ఆ మొత్తం సరిగ్గా 60. 12 లక్షలకు పడిపోతే 66. హద్దుకు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఒకటిన్నర శాతానికి పైగా తేడా చిన్నది కాదు.

మీల్స్ విషయంలో సాఫ్ట్‌వేర్ పూర్తిగా చేతులెత్తేసింది. అడిగినంత వడ్డించే భోజనానికి ప్లేటు లెక్కన సరుకు రాయడం కుదరదు; ఒకరు పప్పుతో ముగిస్తారు, మరొకరు సాంబారుకు రెండుసార్లు అన్నం అడుగుతారు. దీనికి సరైన పద్ధతి ఆ పూట వంటకు తీసిన సరుకు విలువలో మిగిలి మళ్లీ పనికివచ్చేది తీసివేసి, తెగిన టోకెన్లతో భాగించడం. ఆ లెక్క మేము చేత్తో రాసుకుంటున్నాము. మరో వింత ఏమిటంటే, టేబుల్ ఎంతసేపటికి ఖాళీ అవుతోందో చెప్పే నివేదికలో మధ్యాహ్నం సగటు సమయం ఒక్క నిమిషం అని వస్తుంది. బిల్లు తెరిచినప్పటి నుంచి మూసేవరకు పట్టిన సమయాన్ని అది కొలుస్తుంది, మా దగ్గరేమో కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకున్నాకే విస్తరి ముందు కూర్చుంటారు. టోకెన్ల సంఖ్యను సీట్ల సంఖ్యతో భాగిస్తే చాలు, సీటు ఎన్నిసార్లు నిండిందో తెలుస్తుంది.

డెలివరీ ఆర్డర్లు యాప్‌ల నుంచి నేరుగా బిల్లింగ్‌లోకి వచ్చిపడటం సౌకర్యమే. 2022 జనవరి 1 నుంచి ఆ ఆర్డర్ల మీద జీఎస్టీని యాప్ కంపెనీలే కడుతున్నాయి కనుక, వాటిని వేరుచేసి చూపే నివేదిక మా ఆడిటర్ పనిని తేలిక చేసింది. కాని లాభం లెక్కలో ఇది మెనూ ధరనే అమ్మకంగా తీసుకుంటుంది. 300 రూపాయల బిర్యానీ మీద హోటల్ తరఫున 45 తగ్గింపు ఇచ్చి, మిగిలిన 255 మీద 22 శాతం కమిషన్ పడిందనుకుంటే అది 56 రూపాయల 10 పైసలు. దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు 10 రూపాయల 10 పైసలు, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు కనుక అది కూడా మన ఖర్చే. డబ్బాకూ కవర్‌కూ 12 పోతే చేతికి వచ్చేది 176 రూపాయల 80 పైసలు. సరుకు 108 తీసేస్తే మిగిలేది 68 రూపాయల 80 పైసలు, అదే బిర్యానీ టేబుల్ మీద అమ్మితే 192. తెర మీద మాత్రం రెండూ ఒకే బిర్యానీగా, ఒకే లాభంతో కనిపిస్తాయి.

మిగతా వాటిలో కేఓటీ (వంటశాలకు వెళ్లే ఆర్డర్ చీటీ) వెళ్లాక రద్దయిన ఐటమ్‌ల జాబితా బాగుంది. ఎవరు, ఏ సమయానికి, ఏ కారణంతో రద్దు చేశారో విడివిడిగా చూపుతుంది. ఎక్కువ అమ్ముడై తక్కువ మిగిల్చేవి, తక్కువ అమ్ముడైనా ఎక్కువ మిగిల్చేవి అంటూ వంటకాలను నాలుగు గళ్లలో పెట్టే నివేదిక కూడా ఉంది గాని, సరుకు లెక్క సరిగా లేనప్పుడు ఆ గళ్లూ తప్పే. కేఓటీ మీద తెలుగు ముద్రణ వస్తుందన్నారు, వస్తుంది. గుత్తి వంకాయలో ఒత్తు పక్కకు జరిగి, మాస్టర్ ఊహించుకుని వండవలసి వస్తుంది.

సహాయానికి ఫోన్ చేస్తే తెలుగులోనే మర్యాదగా మాట్లాడతారు, బిల్లింగ్ ఆగిపోతే వెంటనే స్పందిస్తారు. నివేదికల మీద అడిగిన ప్రశ్నలకు మాత్రం పై వారికి పంపామనే జవాబే వచ్చింది. ప్లేటు లెక్కన అమ్మే టిఫిన్ సెంటర్‌కో బిర్యానీ పాయింట్‌కో అయితే ఇది చందాకు తగినదే, ఐదింటికి మూడున్నర ఇస్తాను. మీల్స్ ప్రధానమైన హోటల్‌కు రెండున్నర. కొనదలచినవారు ట్రయల్ ఇచ్చిన రోజుల్లోనే ఒక వారం ముగింపు నిల్వ ఎక్కించి, పన్ను తీసేసిన అమ్మకం మీద సరుకు శాతం చూపమని అడగండి, ఒక డెలివరీ ఆర్డర్‌ను యాప్ పంపే చెల్లింపు పట్టికతో సరిపోల్చి చూడండి. చందా ముగిస్తే పాత నివేదికలు తెరుచుకోవు కనుక, నెలాఖరున అన్నిటినీ ఎక్సెల్‌లో దించి పెట్టుకోవాలి.