ప్రత్యక్షమా, అనుమానమా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా విప్పగానే కంటికి కనిపించే ఎరుపు ప్రత్యక్షం. వ్యాపారి నాలుగు కాయలను గుప్పిట్లో నలిపి, గలగలమన్న చప్పుడును బట్టి తేమ తక్కువని తేల్చడం అనుమానం. (న్యాయమనే ప్రాచీన భారతీయ తర్కశాస్త్రంలో ఈ మాటకు సందేహమని కాదు, హేతువును బట్టి తెలుసుకోవడమని అర్థం.) ప్రత్యక్షం త్వరగా తెలుస్తుంది కానీ పైపొరను దాటదు; పైనున్న కాయలను చూసి బస్తా అంతటికీ ధర కడితే రైతో వ్యాపారో నష్టపోవచ్చు. అనుమానం లోతుకు వెళ్తుంది, అయితే దానికి ఆధారం మళ్లీ పూర్వం చూసినదీ విన్నదీ కాబట్టి, ఎండిన కాయ సవ్వడిని వందసార్లు విననివాడికి ఆ గలగల ఏమీ చెప్పదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరపు ఇటుక నీటిపై తేలడం కంటితో చూడదగినదే. బరువు తగ్గించడానికే నిర్మాతలు దాన్ని ఎంచుకున్నారన్నది మాత్రం అనుమానం, నా దృష్టిలో బలమైనదే.