లైన్‌స్ప్రెడ్డా, సెట్‌స్పేసా?

థీసిస్‌లు ఇచ్చే రోజులొస్తే అమలాపురం నుంచి మా తమ్ముడి ఫోను ఖాయం: "అన్నయ్యా, గైడు గారు డబుల్ స్పేసింగ్ పెట్టమన్నారు, లేటెక్‌లో ఎలా?" లేటెక్ అంటే ఆదేశాలు రాసి పుస్తకాలు, థీసిస్‌లు కూర్చే సాఫ్ట్‌వేర్. లైన్ల మధ్య ఎడం పెంచడానికి అందులో రెండు దారులు: లైన్‌స్ప్రెడ్ అనే ఆదేశం, సెట్‌స్పేస్ అనే ప్యాకేజీ (అదనంగా జోడించుకునేది).

శ్రమ: లైన్‌స్ప్రెడ్‌కి ఒక్క లైను. సెట్‌స్పేస్‌కి రెండు, ప్యాకేజీని పిలిచి, డబుల్‌స్పేసింగ్ అనాలి.
ఖర్చు: రెండూ ఉచితమే. కాగితం ఖర్చు మాత్రం మీదే.

లెక్క: చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లైన్‌స్ప్రెడ్‌కి 2 ఇస్తే డబుల్ కాదు, అంతకంటే ఎక్కువే వస్తుంది. 10 పాయింట్ల అక్షరానికి లేటెక్ ముందే ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగుకు 12 పాయింట్ల ఎడం ఇస్తుంది, దాన్ని రెట్టిస్తే 24. మనకు కావలసింది అక్షరం సైజుకి రెట్టింపు, 20; అంటే 12కి 1.667 రెట్లు. సెట్‌స్పేస్ సైజు చూసి ఆ అంకె తనే వేసుకుంటుంది: 11 పాయింట్ల అక్షరానికి 1.618, 12కి 1.655.

రిస్కు: లైన్‌స్ప్రెడ్ ఫుట్‌నోట్లనూ సాగదీస్తుంది. తమ్ముడిది డెల్టా కాలువల మీద థీసిస్; 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాసిన ఫుట్‌నోటు ఒక్కటే పేజీలో మూడో వంతు మింగేసింది! సెట్‌స్పేస్ అయితే ఫుట్‌నోట్లనీ, ఫ్లోట్లలో (చోటు చూసి లేటెక్ తనే జరిపే పెట్టెల్లో) పెట్టిన టేబుళ్లనీ సింగిల్‌గానే ఉంచుతుంది. మధ్యలో ఒక పేరాకే మార్చాలన్నా అదే సుఖం. లైన్‌స్ప్రెడ్‌కి వెనకాల సెలెక్ట్‌ఫాంట్ అనే ఇంకో ఆదేశం తగిలించాలి, మరిచారో ఏమీ మారదు.

యూనివర్సిటీకి ఇచ్చే ఇంగ్లీషు థీసిస్ అయితే కళ్లు మూసుకుని సెట్‌స్పేస్. అచ్చంగా తెలుగు పుస్తకమైతే లైన్‌స్ప్రెడ్డే నా ఓటు: "లక్ష్మి"లో మావత్తు కింది లైను గుడికి తగలకుండా ఫుట్‌నోట్లకూ ఎడం కావాలి కదా.