రైక్స్‌మ్యూజియంకి వెళ్తే బట్టలు చూడండి

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళినవాళ్ళు చాలామంది రైక్స్‌మ్యూజియంలో రెంబ్రాంట్ వేసిన ‘నైట్ వాచ్’ బొమ్మ చూసి వచ్చేస్తారు. అది చూడాల్సిందే. కానీ అక్కడి బొమ్మల్లోని బట్టల కోసం కూడా ఒక గంట ఉంచుకోమని నా మాట. మాది ధర్మవరంలో పట్టుచీరల కొట్టు. ట్యూబ్‌లైటు కింద చీర చూసి ధర చెప్పొద్దు, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి పక్కవెలుతురులో చూడమనేవారు మా నాన్న. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులకి ఆ సంగతి బాగా తెలుసు.

ముందు గెరార్డ్ టెర్ బోర్ఖ్ సుమారు 1654లో వేసిన బొమ్మ దగ్గరికి వెళ్ళండి. ఒక యువతి మనకి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. ముఖం కనపడదు, బొమ్మంతా ఆమె వెండిరంగు శాటిన్ గౌనుదే. శాటిన్ నేతలో పడుగు (నిలువు) పోగు ఎన్నో పేకల (అడ్డపోగుల) మీదుగా తేలిపోతుంది. అందుకే వెలుతురు చెదరకుండా మడత అంచున గీత గీసినట్టు తళుక్కుమంటుంది. ఆ గీతని వేసి, ఆనుకునే బూడిదరంగు పెట్టాడాయన. భుజాల మీది నల్ల మఖమల్ వెలుతురుని మింగేస్తుంది. అది పక్కనుండబట్టే గౌను అంతగా మెరుస్తోంది. నేను అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.

వెర్మీర్ ‘పాలమ్మాయి’ నైట్ వాచ్‌కి వెళ్ళే దారిలోనే ఉంటుంది. ఎత్తు 45 సెంటీమీటర్లే, దగ్గరగా నిలబడి చూడాలి. ఇక్కడంతా ముతకబట్ట, మెరుపే ఉండదు. పసుపు రవిక మీద కుట్లు లెక్కపెట్టొచ్చు. ఆ ఏప్రన్ నీలం అఫ్ఘనిస్తాన్ లాజవర్దం రాయి నూరి చేసిన రంగు, అప్పట్లో మహా ఖరీదు. పనమ్మాయి ఏప్రన్‌కి ఆ రంగు వాడిన మనిషంటే నాకు గౌరవం.

పీటర్ డ హోఖ్ 1663 నాటి బొమ్మలో ఇద్దరు ఆడవాళ్ళు బీరువాలో మడతబట్టలు సర్దుతుంటారు. బట్ట కాస్త బిరుసుగా వచ్చింది, ఈ మూడింట్లో నాకు తక్కువ నచ్చింది ఇదే. వెనక గుమ్మంలోంచి వచ్చే వెలుతురు మాత్రం అద్భుతం. బీరువాలోని నారబట్టే ఇంటి సంపదగా లెక్కపెట్టుకున్న మనుషులు వాళ్ళు. ఆ రోజుల్లోనే డచ్చివాళ్ళు మచిలీపట్నంలో స్థావరం పెట్టి మన అద్దకం బట్టలు ఓడల్లో పట్టుకెళ్ళేవారు.

ఉదయం 9కి తెరుస్తారు, 18 ఏళ్ళలోపు వాళ్ళకి ప్రవేశం ఉచితం. బొమ్మలు మ్యూజియం సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాలమ్మాయి కుట్లకి అవి చాలు, శాటిన్‌కి మాత్రం చాలవు.